నల్లబడ్డ వెండి మీద అపవాదు

పక్క ఫ్లాటు అమ్మాయి తన వెండి కుంకుమ భరిణెకు మెరుగు పెట్టించడానికి ఈ వారం, ఢిల్లీ పక్కనున్న మా వైశాలిలోనే ఒక దుకాణానికి వెళ్తే, ‘ఇది కల్తీ వెండి, అందుకే నల్లబడింది, మార్చి కొత్తది తీసుకోండి’ అన్నాడట దుకాణదారు. వినగానే నాకు ఒళ్ళు మండింది.

నల్లబడటం వెండి స్వభావం. మామూలు గాలిలోని ఆక్సిజన్‌కి అది లొంగదు కానీ గంధకాన్ని మాత్రం వదలదు. హైడ్రోజన్ సల్ఫైడ్ లేశమాత్రం సోకినా పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారిపోతుంది. ఆ వాయువుకి మురుగు కాలువలూ, కుళ్ళే చెత్తా పుట్టిళ్ళు. ఢిల్లీ గాజీపూర్ చెత్తగుట్ట మా వైశాలికి ఎంత దగ్గరో ఇక్కడివాళ్ళకి వేరే చెప్పాలా!

నేనెప్పుడూ చెప్పే మాట ఒకటుంది: వెండిని టూత్‌పేస్టుతో తోమకండి. గుడ్డకంటిన ఆ నలుపులో మీ వెండి కూడా పోతోంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్ళూ వంటసోడా పోసి, సామాను రేకుకి తగిలేలా ముంచితే గంధకం అల్యూమినియం వైపు వెళ్తుంది, వెండి వెండిగా మిగులుతుంది. ఆ అమ్మాయికీ ఇదే చెప్పబోయి, భరిణె చేతిలోకి తీసుకున్నాక ఆగిపోయాను. అది కరీంనగర్ తీగపని.

2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిని ఒకప్పుడు కరీంనగర్‌లో దగ్గర కూర్చుని చూశాను. రాగి ఎక్కువైతే తీగ బిరుసెక్కుతుంది కాబట్టి దాదాపు స్వచ్ఛమైన వెండినే కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగుతారు. రెండు సన్నతీగలు మెలిపెట్టి, అణిచి, చుట్టలు చుట్టి, మందపాటి తీగతో కట్టిన చట్రంలో పూలుగా, ఆకులుగా అమరుస్తారు. ఆ పైన టంకం. వెండి 961 డిగ్రీల సెల్సియస్ దాటితే కరుగుతుంది. టంకం అంతకన్నా ముందే కరగాలి. మంట ఒక్క క్షణం ఎక్కువ తగిలితే పువ్వు కాస్తా ముద్దవుతుంది. అంత ఓపిక నేను చూసిన ఆ పనివాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో!

భరిణె మీద తీగలు పైన తెల్లగా ఉన్నాయి, సందుల్లో నలుపు దిగింది. లోహాలన్నిటిలోకీ వెలుతురును ఎక్కువగా తిప్పికొట్టేది వెండే. పక్కన ఆ నలుపు ఉండబట్టే ఒక్కో మెలికా విడివిడిగా కనబడుతోంది. సోడానీళ్ళలో ముంచితే అదంతా పోయి, పనితనం చదునుగా, పాలిపోయినట్టు మిగులుతుంది.

తీగపని సామానుకి మాత్రం నా చిట్కా వాడకండి. మెత్తని పొడిగుడ్డతో పైపైన తుడిచి, సందుల్లో నలుపు ఉండనివ్వండి. కల్తీ అన్న అనుమానముంటే రంగు చూసి తీర్పు చెప్పేవాళ్ళని నమ్మొద్దు, పరీక్ష చేయించి తేల్చుకోండి.