బోలు సిపాయి

వందేళ్ల నాటి బ్రిటన్స్ కంపెనీ సీసపు సిపాయి చేతికి వస్తే ముందు ఆశ్చర్యపడేది అరచెయ్యి. సీసం కదా, బరువుంటుందనుకుంటాం. ఉండదు. సుమారు 54 మిల్లీమీటర్ల మనిషి. ఎర్ర కోటు, నల్ల బూట్లు, బుగ్గ మీద గులాబిరంగు చుక్క, ముక్కు కింద సన్నటి మీసం. పైకి ఇంత హంగు చేసిన ఈ మనిషి లోపల ఏమీ లేదు. వట్టి బోలు. అతని గొప్పంతా ఆ బోలులోనే ఉంది.

బల్లమీద బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడే సరదాకి పడమటి దేశాల్లో పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్రలో నాకు బాగా నచ్చిన పనివాళ్లందరిదీ ఒకటే విద్య. ఏం పెట్టాలో అందరికీ తెలుస్తుంది. ఏం తీసెయ్యాలో వీళ్లకి తెలుసు.

మొదటివాడు విలియం బ్రిటన్. లండన్‌లో బొమ్మలు చేసే కుటుంబం వాళ్లది. అప్పట్లో సైనికుల బొమ్మలంటే ఎక్కువగా జర్మనీవే. న్యూరెంబర్గ్‌లో పోసిన పలచటి తగరపు బొమ్మలు కొన్ని, నిండు లోహంతో పోసినవి కొన్ని. నిండు బొమ్మకి లోహం ఎక్కువ పడుతుంది, ధర పెరుగుతుంది. 1893లో వాళ్ల బ్రిటన్స్ సంస్థ బోలుపోత సిపాయిల్ని బజారులోకి తెచ్చింది.

ఆ పోతపని చూడముచ్చటైనది. రెండు సగాలుగా విడివడే లోహపు అచ్చు ఉంటుంది. లోపలి గోడల మీద సిపాయి ముందూ వెనకా తిరగేసి చెక్కి ఉంటాయి. సీసంలో కొంచెం తగరం, కొంచెం ఆంటిమొనీ కలిపి కరిగిస్తారు. వట్టి సీసమైతే తుపాకీ గొట్టం వేలు తగిలితేనే వంగిపోతుంది. ఆంటిమొనీ దానికి గట్టిదనం ఇస్తుంది, గుండీలూ పట్టీలూ అచ్చులో పదునుగా తేలేలా చేస్తుంది. కరిగిన లోహం అచ్చులో పొయ్యగానే గోడకి తగిలిన భాగం ముందు గడ్డకడుతుంది, పాల మీద మీగడ కట్టినట్టు. నడిమి భాగం ఇంకా పారుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే పనివాడు అచ్చుని తలకిందులు చేసి, మిగిలిన లోహాన్ని చిన్న రంధ్రం గుండా ఒంపేస్తాడు. ఒక్క క్షణం ముందు ఒంపితే చర్మం చిరుగుతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే బొమ్మ నిండిపోతుంది. ఒంపింది మళ్లీ కరిగించే మూసలోకే పోతుంది కాబట్టి వృథా లేదు. అంటే ఆ సిపాయిని తయారుచేసింది పోసిన సీసం కాదు, ఒంపేసిన సీసం.

గుర్రపు రౌతుల్లో చాలామందికి కత్తి పట్టిన చెయ్యి విడిగా పోసి, భుజం దగ్గర బొడిపెకి తగిలించేవారు. మన కొండపల్లిలోనూ బొమ్మ అవయవాలు విడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికిస్తారు. అక్కడ అతుకు కనబడకపోవడమే పనితనం. ఇక్కడ అతుకు కదలడం పనితనం. రెంటికీ రెండు లక్ష్యాలు. కొండపల్లి బొమ్మ కొలువులో నిలబడటానికి పుట్టింది. ఈ సిపాయి నేలమీద పడి, లేచి, మళ్లీ పడటానికి పుట్టాడు. తల ఊడినా ఫరవాలేదు. మెడ లోపల బోలే కాబట్టి ఓ అగ్గిపుల్ల ముక్క దూర్చి తల మళ్లీ నిలబెట్టేవారు పిల్లలు. నిండు బొమ్మకి ఆ వైద్యం కుదరదు.

బ్రిటన్స్ కంపెనీ ఎర్ర అట్టపెట్టెల్లో ప్రపంచంలోని పటాలాలెన్నో వచ్చాయి. వాటిలో మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ కూడా ఉంది. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో పనిచేశారు. మన ఊళ్లలో ఎవరి ముత్తాతో లండన్ పిల్లవాడి గదిలో వేలెడు మనిషై నిలబడ్డాడన్నమాట.

రెండోవాడు రచయిత. ‘టైమ్ మెషీన్’ రాసిన హెచ్. జి. వెల్స్. శాండ్‌గేట్‌లో తన ఇంటికి భోజనానికి వచ్చిన ఓ మిత్రుడు స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగి తీసుకుని సిపాయిల మీద గురిపెట్టడంతో కథ మొదలైందని ఆయనే చెప్పాడు. మిత్రుడి పేరు చెప్పకుండా పొడి అక్షరాలతో సరిపెట్టాడు. ఆ ఫిరంగి అంగుళం పొడవున్న చెక్కముక్కని విసురుతుంది. తొమ్మిది గజాల దూరంలోని సిపాయిని పదిసార్లలో తొమ్మిదిసార్లు పడగొట్టగలదని ఆయన పొంగిపోయాడు. అక్కడినుంచి నియమాలు పుట్టాయి, 1913లో ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకం వచ్చింది.

ఆ నియమాల అల్లిక విప్పి చూస్తే అచ్చు ఒంపిన పోతపనివాడి మణికట్టే గుర్తొస్తుంది. పాచికలు లేవు. ఫిరంగి గుండు తగిలితే పడ్డట్టు, తగలకపోతే లేదు. వాదన లేదు. కాలిబంటు ఒక విడతలో ఒక అడుగు నడుస్తాడు, రౌతు రెండడుగులు. ఫిరంగి పేలాలంటే దాని దగ్గర నలుగురైనా బతికుండాలి. రెండు దళాలు కలబడితే మనిషికి మనిషి చెల్లు. యుద్ధభూమిని ఒకరు అమరుస్తారు, ఏ వైపు నిలబడాలో రెండోవారు ఎంచుకుంటారు. లడ్డూ విరిచేది ఒకరు, ముందు తీసుకునేది ఇంకొకరు. ఇక పక్షపాతానికి చోటెక్కడిది?

అన్నిటికన్నా ముచ్చటైనది గడియారం నియమం. ముప్పై మందిని కదపడానికి ఒక్క నిమిషం, ఫిరంగికి ఇంకో నిమిషం. అంతే. సేనానాయకుడు ఎంత గొప్ప ఎత్తు వేసినా, వేళ్లు తొందరపడతాయి, ఎడమ పక్కన పొదచాటు దళం ఒకటి మరుపున పడిపోతుంది. నిజమైన రణరంగంలోని గందరగోళాన్ని చూపించడానికి ఇంకొకరైతే పది పుటల పట్టికలు రాసేవారు. వెల్స్ ఒక గడియారం పెట్టి ఊరుకున్నాడు. ఈ ఆట మూడు నాలుగుసార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత మతిలేని పనో తెలుస్తుందన్నది ఆయన వాదం. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది.

తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. 1959లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ అంగుళం ఎత్తు సిపాయిల్ని పెట్టెల్లో పెట్టి అమ్మింది. చేతిఖర్చు డబ్బులతో సైన్యం కొనుక్కోగల రోజులు వచ్చాయి. అక్కడే చిక్కూ వచ్చింది. చౌక కాబట్టి పెట్టె మీద పెట్టె చేరుతుంది, రంగు వెయ్యని సైన్యం అటక ఎక్కుతుంది. ఈ సరదా ఉన్నవాళ్లలో చాలామందికి ఈ జబ్బు తెలుసు. నాకూ ఉంది.

దానికి మందు చెప్పినవాడే మూడోవాడు, నీల్ థామస్. 2014లో వచ్చిన ఆయన ‘వన్ అవర్ వార్‌గేమ్స్’ పుస్తకంలో యుద్ధభూమి మూడడుగుల చదరం. ఒక్కో పక్షానికి ఆరే దళాలు. ఏ కాలపు యుద్ధమైనా దళాల్లో నాలుగే రకాలు. పదిహేను దెబ్బలు తింటే దళం రంగం విడిచిపోతుంది. ఇంత కొద్ది సరుకుతో ముప్పై రకాల యుద్ధాలు అమర్చాడు. వంతెన కోసం ఒకటి, కొండ కోసం ఒకటి, వెనక్కి తగ్గుతూ పోరాడేది ఇంకొకటి. పులిజూదం ఆడినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. మూడు పులులు, పదిహేను మేకలు, అరుగు మీద సుద్దగీతలు. సరుకు తగ్గేకొద్దీ ఆలోచనకి చోటు పెరుగుతుంది.

ఈ లెక్కన సైన్యం కట్టడం నెలరోజుల పని. నేను మొదటిసారి కట్టినప్పుడు ప్లాస్టిక్ బొమ్మల్ని కడగకుండానే రంగు వేశాను. పదిరోజులకి కోటు మీద రంగు పొట్టులా లేచింది. అచ్చులోంచి బొమ్మ సులువుగా రావడానికి పూసిన జిడ్డు పోలేదు మరి. కాబట్టి ముందు సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ పుయ్యాలి. తర్వాత కోటుకో రంగు, చర్మానికో రంగు, బూట్లకీ పట్టీలకీ నలుపు. పల్చటి గోధుమరంగు నీళ్లు ఒక్కసారి పైనుంచి పారిస్తే మడతల్లో నిలిచి నీడలు అదే గీస్తుంది. కళ్లు పెట్టకండి. అంగుళం మనిషికి కళ్లు పెడితే దయ్యాన్ని చూసినవాడిలా గుడ్లు మిటకరిస్తాడు. గజం దూరంనించి చూసినప్పుడు కనుబొమల కింది నీడే చూపులా కనిపిస్తుంది. బొమ్మని ముక్కు దగ్గర పెట్టుకుని రంగు వేస్తాం, చెయ్యి చాచినంత దూరంనించి ఆడతాం. చూడాల్సింది ఆ రెండో దూరంనించి.

ఆఖరి పని పీట. నాలుగు నుంచి ఆరంగుళాల వెడల్పున్న దళసరి అట్టముక్క మీద దళానికి ఆరుగురినో ఎనిమిదిమందినో అతికించి, చుట్టూ జిగురు రాసి ఇసక చల్లాలి. అన్ని పీటలకీ ఒకే నేల రంగు వెయ్యాలి. విడివిడిగా బొమ్మలుగా ఉన్నవాళ్లు అప్పుడు పటాలమవుతారు. ఆట లెక్కలకి కావాల్సింది పీట వెడల్పే. దానిమీద ఆరుగురున్నా పదిమందున్నా నియమాలకి పట్టదు. నిండుగా కనిపించడానికి ఎంతమంది కావాలో కన్నే చెబుతుంది, అక్కడ ఆగాలి.

పాత సీసపు సిపాయిల గురించి ఒక జాగ్రత్త. సీసం విషం. ఇంగ్లండ్‌లో బొమ్మల్లో సీసాన్ని కట్టడి చేసే రోజులు రాగా, 1966లో బ్రిటన్స్ బోలుపోత ఆపేసింది. అవి దొరికితే చూసి మెచ్చుకోండి, పసిపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. ఆటకి ప్లాస్టిక్‌వే మేలు. ఒకటి రెండు పెట్టెలు తెచ్చుకుని ఆరు దళాలు కట్టండి. ఎదుటివారికి ఇంకో ఆరు. ఏడో దళం కొనేముందు, ఆ ఆరింటితో ఒక ఆట పూర్తిగా ఆడండి.