బాడీలోంచి ‘బా’ తీసేస్తే

‘రెయిన్‌కోట్స్’ పేరు మన పాఠకుల్లో ఎక్కువమంది విని ఉండరు. అందులో తప్పేమీ లేదు. రాక్ సంగీతం అనగానే మనకి గుర్తొచ్చేది గిటారు పట్టుకుని జుట్టు విరబోసుకున్న మగవాడే. ఈ ముగ్గురు స్త్రీలు 1981లో లండన్‌లో చేసిన ‘ఆడీషేప్’ అనే ఆల్బమ్ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అందులో తొమ్మిది పాటలున్నాయి. రఫ్ ట్రేడ్ అనే చిన్న కంపెనీ విడుదల చేసింది. అది ఎప్పుడూ పెద్ద హిట్ కాలేదు. విన్న కొద్దిమంది మాత్రం దాన్ని నలభై ఏళ్లు దాటినా వదల్లేదు.

ముందు ఆ పేరు చూడండి. నాకు అందులో ‘బాడీ షేప్’ వినిపిస్తుంది. మొదటి అక్షరం ఊడిపోయిన ఒంటి తీరు. ‘ఆడ్’ అంటే ఇమడనిది, వింతైనది, అదీ వినిపిస్తుంది. తెలుగు చెవికి ‘ఆడ’ కూడా వినిపించడం వాళ్లకి తెలిసిన విషయం కాదు, అది మనకి దొరికిన లాభం. అద్దం ముందు నిలబడి, పత్రికల్లో బొమ్మలతో తన ఒంటిని పోల్చుకునే ఆడపిల్ల ఈ ఆల్బమ్‌కి పేరిచ్చిన పాటలో ఉంది.

నేను దీన్ని మొదటిసారి విన్నది సీతాఫల్‌మండిలో, రైలు పట్టాలకి దగ్గర్లో ఉన్న మా మేడమీద గదిలో. నిజం చెప్పాలంటే నచ్చలేదు. సీడీ పాడైందేమో అనుకున్నాను. వయొలిన్ ఒక దారిన పోతోంది, బేస్ గిటారు ఇంకో దారిన. డ్రమ్ము ఉన్నట్టుండి వస్తుంది, ఉన్నట్టుండి మాయమవుతుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పాడుతుంటే ఎవరి వెనక పోవాలో తెలీదు. మొదటి పాట పేరు ‘షౌటింగ్ అవుట్ లౌడ్’, అంటే గట్టిగా అరవడం. పాడే గొంతు మాత్రం తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలవుతుంది. మధ్యలో బయట ఎమ్మెమ్టీయస్ రైలు పోయింది. కాసేపు ఏది పాటో ఏది రైలో తెలీలేదు.

చిన్నప్పుడు నాకు సంగీతం చెప్పిన మాస్టారు మూడో నెలలోనే మా అమ్మతో, పిల్లకి శ్రుతి నిలవదు, డబ్బు దండగ అన్నాడు. ఆ తర్వాత పెళ్లిళ్లలో కూడా నేను నోరు విప్పలేదు. ఈ పాటలు వింటుంటే మొదట కలిగింది ఇబ్బంది. వీళ్లకి ఎవరూ చెప్పలేదా అనిపించింది. ఎవరో చెప్పే ఉంటారు, వీళ్లు ఆగలేదు, అంతే. ఆ ముక్క అర్థం కావడానికి నాకు చాలాసార్లు వినాల్సి వచ్చింది.

వాళ్ల కథ క్లుప్తంగా చెప్తాను. పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి నుంచి వచ్చిన అనా ద సిల్వా, ఇంగ్లీషమ్మాయి జీనా బర్చ్ లండన్‌లో హార్న్‌సీ ఆర్ట్ కాలేజీలో కలిశారు. 1977లో బృందం పెట్టారు. పంక్ ఉద్యమం అప్పుడు, ఎవరైనా వాయించొచ్చు అంది. ఆ ‘ఎవరైనా’లో స్త్రీలు కూడా ఉంటారని ఆ ఉద్యమంలోని మగవాళ్లు అంతగా ఆలోచించినట్టు లేదు. వయొలిన్ వాయించే విక్కీ ఆస్పినాల్ మాత్రం శాస్త్రీయంగా నేర్చుకున్న మనిషి. నేర్చుకున్నామె, అప్పుడప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు ఒకరిని ఒకరు సరిదిద్దకుండా కలిసి వాయించడం నాకు ఈ బృందంలో అన్నిటికన్నా నచ్చిన విషయం. 1979లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించిన స్పెయిన్ అమ్మాయి పామోలివ్ ఆ ఏడాదే బృందాన్ని వదిలేసింది. దాంతో రెండో ఆల్బమ్‌లో చాలా పాటలు డ్రమ్ము లేకుండానే పుట్టాయి. తాళం తర్వాత వచ్చి చేరింది. పాట తాళం మీద నడవకుండా, తాళమే పాటని వెతుక్కుంటూ రావడం ఇందువల్లే. లోటునే నిర్మాణం చేసుకున్నారు.

తర్వాత వచ్చి వాయించిన వాళ్లలో రాబర్ట్ వయట్ ఒకడు. 1960ల సైకెడెలిక్ రాక్‌లో పేరున్న సాఫ్ట్ మెషీన్ బృందం డ్రమ్మర్. 1973లో కిటికీలోంచి కిందపడి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. రాక్ డ్రమ్మర్ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఇక ఆయనకి లేదు. చేతులతోనే వాయించాడు. మామూలు రాక్ పాటలో గుండె మీద గుద్దినట్టు పడే ఆ దెబ్బ ఆయన వాయింపులో ఉండదు. ఒంటి తీరు మారితే పాట తీరు మారుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సైకెడెలిక్ సంగీతం గురించి నాదో పాత ఫిర్యాదు ఉంది. ఆ మగవాళ్లంతా దేహాన్ని వదిలిపెట్టి ఎక్కడికో ఎగిరిపోతుంటారు. ఆకాశం, రంగులు, నక్షత్రాలు. స్త్రీ ఉంటే ఆ రంగుల్లో ఒక రంగుగా ఉంటుంది. ‘ఆడీషేప్’ కూడా మత్తుగా, కలలాగే ఉంటుంది. కానీ ఆ కల దేహంలోంచి బయటికి పోదు, లోపలికే పోతుంది. భయం, సిగ్గు, ఒంటరి రాత్రి, రేపు ఏం కట్టుకోవాలన్న బెంగ. ఎగిరిపోవడానికి దేహాన్ని ఇంటి దగ్గర వదిలి రాగలగడం కూడా మగవాడి సదుపాయమే కదా.

వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ‘ఆఫ్ డ్యూటీ ట్రిప్’ అనే పాట ఉంది. అత్యాచారం చేసిన ఒక సైనికుణ్ని, అతని ఉద్యోగ భవిష్యత్తు పాడవకూడదని ఇంగ్లండ్ కోర్టు తేలిగ్గా వదిలేసిన ఉదంతం మీద రాసింది. ఈ పాట వినేటప్పుడు నేను లండన్‌లో ఉండలేను. 1978లో మా ఇంటికి ఎంతో దూరం లేని నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద జరిగిన అత్యాచారం గుర్తొస్తుంది. ఆమె భర్తని కొట్టి చంపారు. ముక్తదర్ కమిషన్ పోలీసులని తప్పుపట్టింది. కేసు రాయచూరుకి మారింది. అక్కడి కోర్టు 1981లో నిందితులని వదిలేసింది. ‘ఆడీషేప్’ వచ్చిన ఏడాదే. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటనలాంటి బృందాలు కూడుకున్నది ఆ సంవత్సరాల్లోనే. వీళ్ల గురించి వాళ్లకి తెలీదు, వాళ్ల గురించి వీళ్లకి తెలీదు. గది నిండా స్త్రీలు, ఒకరి మాట మీద ఒకరి మాట, నాయకురాలు ఎవరో తెలీకపోవడం, ఆ అలవాటు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆనాటి సమావేశాల గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్నప్పుడల్లా నాకు ఈ ఆల్బమే గుర్తొస్తుంది.

ఇక వారసత్వం. ఈ కథని అందరూ ఒకేలా చెప్తారు. 1992లో నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ రెయిన్‌కోట్స్ పాత రికార్డు వెతుక్కుంటూ లండన్‌లో అనా పనిచేస్తున్న పాత సామాన్ల దుకాణానికి వెళ్లాడు. ఆ సంగతి తన ఆల్బమ్‌లో రాశాడు. దాంతో పాత ఆల్బమ్‌లు 1993 నుంచి మళ్లీ వెలుగు చూశాయి. మొదటిదానికి అతనే ముందుమాట రాశాడు. 1994లో నిర్వాణతో కలిసి వీళ్లు వేదిక ఎక్కాల్సింది, అంతలో అతను చనిపోయాడు. అతని అభిమానం నిజమైనదే, నాకు అనుమానం లేదు. కానీ అప్పట్నుంచి ఈ స్త్రీల గురించి ఏం రాసినా మొదటి వాక్యంలో అతని పేరే.

మనకిది కొత్తా? మొదటి పుస్తకం వేసుకునే కవయిత్రిని, ముందుమాట ఎవరిచేత రాయిస్తున్నారు అని అడగని ప్రచురణకర్త ఎంతమంది ఉన్నారు? ఆ 1993లోనే తెలుగులో ‘నీలిమేఘాలు’ వచ్చింది. దేహం గురించి రాస్తే ‘నీలి’ అని నింద వేసే కాలంలో, ఆ రంగునే పేరులో పెట్టుకుని, ఓల్గా సంపాదకత్వంలో. జయప్రభ ‘చూపులు’, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ లాంటి కవితలకి అభయహస్తం పట్టే ఏ కొబేనూ అవసరం లేకపోయింది. ‘ఆడీషేప్’ పునర్ముద్రణకి ముందుమాట రాసింది సోనిక్ యూత్‌లో వాయించిన కిమ్ గోర్డన్ అనీ, 2011లో రెయిన్‌కోట్స్ దీన్ని తమ సొంత లేబుల్ మీదే మళ్లీ తెచ్చారనీ ఎంతమంది చెప్తారు? వారసత్వం అంటే నా దృష్టిలో ఆ రెండో సంగతి. తమ పాట తమ చేతిలోకి తిరిగి తెచ్చుకోవడం. జీనా బర్చ్ తన పేరుతో మొదటి సోలో ఆల్బమ్ తెచ్చింది 2023లో, అరవై దాటాక.

అభిమానం కొద్దీ ఒక మాట మింగేస్తే ఇది విమర్శ కాదు. ఈ ఆల్బమ్‌లో బాలఫోన్, కలింబా, ఏకతార వినిపిస్తాయి. ఆఫ్రికా నుంచి రెండు, మన వైపు నుంచి ఒకటి. అవి పాటకి అందంగానే ఉన్నాయి. కానీ మన దగ్గర ఏకతార పట్టుకుని తత్వాలు పాడుతూ వచ్చే మనిషికి గుమ్మం బయట గిద్దెడు బియ్యం వేసి పంపిస్తాం. అదే తీగ లండన్ స్టూడియోలో ప్రయోగం అవుతుంది. ఆ వాద్యం వెనకున్న మనుషుల ఊసు ఆ పాటల్లో లేదు.

ఈ ప్రశ్న నాకూ తగులుతుంది. మా ఇంట్లో పనిచేసే ఆమె ఒకరోజు ఈ పాటలు విని, ‘‘గిదేం పాటక్కా, పాడుతున్నరా ముచ్చట పెడుతున్నరా?’’ అంది. రెండూ అన్నాను. బతుకమ్మప్పుడు వాళ్ల బస్తీలో పాట ఎత్తుకునేది ఆమే. గంటసేపు శ్రుతి తప్పదు, చరణం మర్చిపోదు. చదువుకున్న స్త్రీ తాళం తప్పితే దాన్ని తిరుగుబాటు అని నేను మూడు పేజీలు రాస్తాను. తాళం తప్పని ఆమెని ఏమనాలో నా విమర్శ పరిభాషలో మాట లేదు. ఆమె పాటని ఇంతవరకు రికార్డు చేయలేదు. అడుగుదామని రెండుసార్లు అనుకుని ఊరుకున్నాను. నా పేరు మీద వేస్తవా, జానపదం అని వేస్తవా అని అడిగితే ఏం చెప్పాలో ముందు నేను తేల్చుకోవాలి.