అమ్మమ్మ చుట్ట – హవానా చుట్ట

నేను చుట్ట కాల్చాను. మీరు చదివింది నిజమే. అదీ చాటుగా కాదు సుమండీ. మా డాబా మీద, పట్టపగలు, తమ్ముడూ మరదలూ ప్రేక్షకులుగా! ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చిన పక్కింటావిడ, తీసిన రెండు చీరెలూ మళ్ళీ తీగెమీదే వేసి కిందికి దిగిపోయింది.

ఇంతకీ ఎందుకీ పాడుబుద్ధి అంటారేమో. నవలలు వ్రాసుకునేదాన్ని కదా, అదే వచ్చిన చిక్కు. కొన్నేళ్ళ క్రితం వ్రాసిన ఒక నవలలో నా జమీందారుగారు మనసు బాగులేనప్పుడల్లా హవానా చుట్ట వెలిగించి, గుండెల నిండా పొగ పీల్చి, కిటికీలోంచి శూన్యంలోకి చూస్తూంటాడు. కెనడా నుంచి వచ్చిన మా తమ్ముడు ఆ నవల చదివి, "అక్కా, నీ జమీందారు మూడో ప్రకరణంలోనే దగ్గి దగ్గి పోయుండాలే! ఆ పొగ గుండెల్లోకి పీల్చరు. కాసేపు నోట్లో ఉంచుకుని వదిలేస్తారు, అంతే" అన్నాడు. అని ఊరుకోక, పెట్టెలోంచి ఓ అల్యూమినియం గొట్టం తీసి నా ముందు పెట్టాడు. అందులో ఉన్న ఒక్క చుట్ట ఖరీదు మా ఇంటి నెల పాలఖర్చుకి సరిపోతుందట!

చూడ్డానికి మటుకు ముచ్చటగా ఉంది. లోపల పొడుగాటి ఆకుల పొత్తి, దాన్ని పట్టి ఉంచే మరో ఆకు, అన్నిటిపైనా పట్టుగుడ్డలాంటి పై ఆకు. మొత్తం చేత్తో చుట్టిందే. తల దగ్గర కాస్త కోసి, రెండో కొసని తిప్పుతూ తిప్పుతూ సమంగా అంటించాలి. నిమిషానికొకసారి లాగితే చాలు, గంట సేపు వస్తుంది. నేను మాత్రం పొయ్యి ఊదే అలవాటు కొద్దీ గబగబా లాగేశాను. మొదట ఎండుగడ్డి వాసన, తర్వాత మిరియంలాంటి ఘాటు, ఆ తర్వాత డాబా, కొబ్బరిచెట్టూ, మా మరదలూ గిర్రున తిరగడం. "వదినా, ఇక చాలు" అని ఆ అమ్మాయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆ రాత్రి నిద్రపట్టక ఓ ఆలోచన వచ్చింది. నేనొక్కదాన్నేనా ఇలా తెలియకుండా వ్రాసింది? తక్కినవాళ్ళు ఎలా వ్రాశారో చూద్దామని అలమారలోని పుస్తకాలు దించాను.

మొదట గురజాడ వారి కన్యాశుల్కం. 1897లో మొదట అచ్చయి, 1909లో బాగా పెరిగి మళ్ళీ వచ్చిన ఆ నాటకంలో గిరీశం చుట్ట తెలియని తెలుగువాడుండడు. పొగతాగనివాడు వచ్చే జన్మలో దున్నపోతై పుడతాడని పద్యం కూడా చదువుతాడు మహానుభావుడు. అయితే గమనించారా, గురజాడ ఆ చుట్ట రంగూ రుచీ వర్ణించి కూర్చోలేదు. తన దగ్గర తాను నేర్చుకున్నది చుట్ట కాల్చడం ఒక్కటేనని వెంకటేశం గిరీశం మొహానే అంటాడు. ఆ ఒక్క ముక్కతో గురువుగారి చదువంతా బజార్న పడింది. చుట్ట పాత్రని చూపించాలి గాని, పాత్ర చుట్టని చూపించకూడదు. నా జమీందారు విషయంలో నేను చేసిన తప్పు సరిగ్గా అదే. దుఃఖం వ్రాయడం చేతకానప్పుడల్లా అతని చేతికి చుట్ట ఇచ్చాను.

తర్వాత కిప్లింగ్. 1880ల్లో మన దేశంలో పత్రికల్లో పనిచేసేటప్పుడు వ్రాసిన ఒక గేయంలో, చుట్టలో నేనో తేల్చుకోమంటుంది మేగీ అనే పెళ్ళికూతురు. వరుడు క్యూబా చుట్టల పెట్టె తెరిచి ఒకటి వెలిగించి, లాభనష్టాలు బేరీజు వేస్తాడు. మేగీ ముసలిదవుతుంది, చుట్టలు కొత్తవి వస్తూంటాయి. చివరికి చుట్టలే గెలుస్తాయి. గేయం చమత్కారంగానే ఉంది, నాకూ నవ్వొచ్చింది, కాదనను. కాని రెండోసారి చదివితే నవ్వు కాస్త తగ్గింది. యాభై చుట్టల కట్టను ఆయన యాభై మంది భార్యల అంతఃపురంతో పోలుస్తాడు. చుట్టలో ఆడదాన్ని చూడగలిగాడు, ఎదురుగా ఉన్న మేగీకి మాత్రం మొదట్లో పెట్టిన ఆ ఒక్క షరతు తప్ప మాట ఇవ్వలేదు. ఆవిడ ఆ మాట ఎందుకన్నదో, పొగకంపు భరించలేకో, ఇంకేదన్నా బాధ ఉండో, మనకి తెలియదు. తాను నవ్వుతున్న మనిషి నోరు మూసేసి గెలిచిన హాస్యం అది. ఆ పాటి గెలుపు ఏం గొప్ప?

ఇక షెర్లాక్ హోమ్స్. పడుకున్నదాన్ని లేచి కూర్చున్నది ఇక్కడే. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో హోమ్స్ తన పొగాకు బూడిదల పరిజ్ఞానం చెప్పుకుంటూ 'లంకా' చుట్ట పేరెత్తుతాడు. హంతకుడు అది కాల్చేవాడని తెలిస్తే, వెతకాల్సిన చోటు బాగా తగ్గిపోతుందట. ఆ లంక ఏ లంక అనుకున్నారు? రావణాసురుడి లంక కాదు, మన గోదావరి లంకలు! ఏటి ఒండ్రుమీద పెరిగిన మన లంక పొగాకు లండన్ డిటెక్టివు నోటిదాకా వెళ్ళింది. వెళ్ళిందేగాని, ఆ ఆకు కోసి, పందిళ్ళకి కట్టి ఎండబెట్టిన మనిషి మాత్రం ఆ నవలలోకి అడుగు పెట్టలేదు.

మరి ఆ మనిషి ఎక్కడైనా ఉన్నాడా? ఉన్నాడు, ఉంది కూడా. నీలో క్రూజ్ అనే క్యూబన్ అమెరికన్ రచయిత 2002లో వ్రాసిన 'అనా ఇన్ ది ట్రాపిక్స్' అనే నాటకం చదవండి. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. 1929లో ఫ్లోరిడాలోని ఒక చుట్టల కార్ఖానాలో కథ జరుగుతుంది. ఆ కార్ఖానాల్లో ఓ చక్కని ఆచారం ఉండేది. పనివాళ్ళు చుట్టలు చుడుతూంటే ఒకాయన ఎత్తుపీట మీద కూర్చుని పత్రికలూ నవలలూ పైకి చదివి వినిపించేవాడు. హవానాలో 1865లో మొదలైన ఆచారమిది. జీతం పనివాళ్ళే తలా కాస్త వేసుకుని ఇచ్చేవారు. మాంటే క్రిస్టో అనే చుట్టకి ఆ పేరు డ్యూమా నవలనుంచే వచ్చింది. నాటకంలో చదివేది టాల్‌స్టాయ్ అన్నా కరెనినా. వింటున్న కొంచిటా తన కాపురంలోకి తాను తొంగి చూసుకుంటుంది. చెల్లెలు మరేలా కలలు కంటుంది. యంత్రాలు తెస్తానంటాడు మరొకడు. కొత్త చుట్ట తయారైతే దానికి అన్నా పేరే పెట్టి, ఆడా మగా అందరూ దాని రుచి చూస్తారు. నిజజీవితంలో 1931లో ఆ ఊరి యజమానులు చదివేవాళ్ళని తీసేశారు. నాటకం అందాకా వెళ్ళదు గాని, ఆ నీడ ముందే పడుతుంది.

ఇందులోనూ నాకొక లోటు కనిపించింది. అందరూ ఒకే కవి నోటితో మాట్లాడతారు. రోజంతా వంగి చుట్టేవాళ్ళ నడుంనొప్పి, వేళ్ళకి పట్టిన పసరు, ఇవి వినపడాల్సినంత వినపడవు. అయినా చుట్టని కాల్చేవాడి వైపునుంచి కాక, చుట్టేవాళ్ళ వైపునుంచి చూసిన పని ఇది. అందుకే నేను చదివినవాటిలో దీనికే పెద్దపీట వేస్తాను.

ఇంతవరకూ ఇతరుల తప్పులు దిద్దాను. ఇక అసలు సంగతి.

డాబామీద ఆ చుట్ట ఘాటు ముక్కుకి తగిలినప్పుడు నాకు గుర్తొచ్చింది హవానా కాదు, మా అమ్మమ్మ. శ్రీకాకుళం వైపు మనిషి. అడ్డపొగ వేసేది. తెలియనివారికోసం చెబుతున్నాను, చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడమన్నమాట. అలాగే ఊడ్పుకి వెళ్ళేది, అలాగే దాలిలో పాలు కాచేది. నేను గుడ్లప్పగించి చూస్తూంటే, "ఏటే అలా సూస్తన్నావు? పొగ బయటికి రాదు, నిప్పు ఆరిపోదు" అని నవ్వేది. పట్నం చుట్టాలు వస్తే మాత్రం మా అమ్మ ఆవిణ్ణి మెల్లిగా దొడ్లోకి పంపేసేది. చివరి రోజుల్లో అమ్మమ్మ కారం తినలేకపోయింది. అంగిలిలో పుండు. అడ్డపొగ అంగిలికి కేన్సర్ తెస్తుందని ఆ ప్రాంతపు వైద్యులు ఎందరినో పరీక్షించి ఏనాడో తేల్చారు. మాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

అదే నవలలో జమీందారుతో బాటు ఒక ముసలమ్మ కూడా ఉంది. మా అమ్మమ్మే. నడకా, మాటా, కోపమూ అన్నీ ఆవిడవే. నోట్లో చుట్ట మాత్రం తీసేసి తమలపాకులు పెట్టాను. చదివేవాళ్ళు ఏమనుకుంటారోనని! నేనెన్నడూ చూడని జమీందారు చేతిలో చుట్ట దర్జా అయింది, నన్నెత్తుకు పెంచినావిడ నోట్లో చుట్ట నామోషీ అయింది. మేగీకి నోరివ్వలేదని కిప్లింగ్‌ని తప్పుపట్టిన నేను చేసింది మాత్రం ఏమిటి? చుట్టాలొస్తే మా అమ్మ దొడ్లోకి పంపింది. పాఠకులొస్తారని నేనూ పంపాను.

ఆ నవల మళ్ళీ అచ్చుకు వెళ్తోంది. ప్రూఫులు బల్లమీదే ఉన్నాయి. జమీందారు చుట్టలన్నీ కొట్టేశాను, ఒక్కటి మిగిల్చాను, అదీ పొగ నోటిదాకానే. తమలపాకులు తీసేసి అమ్మమ్మ చుట్ట అమ్మమ్మకి ఇచ్చేశాను. అంగిలి పుండు కూడా వ్రాశాను. చుట్ట ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే అదో అబద్ధం.

సగం కాలిన హవానా చుట్ట గొట్టంలో పెట్టి తమ్ముడికి తిరిగి ఇచ్చేశాను. "రుచెలా ఉందక్కా?" అని అడిగాడు. అమ్మమ్మ ఇంటి వాసనలా ఉందన్నాను. వాడేమీ అనలేదు. వాణ్ణీ అమ్మమ్మే పెంచింది మరి.