సంపాదకుడి కుర్చీలో కవి

కవిత్వ సమీక్ష రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు టి.ఎస్. ఎలియట్ గుర్తొస్తాడు. కవి మరో కవిని ఎందుకు చదువుతాడో దాపరికం లేకుండా చెప్పిన విమర్శకుడాయన. తన విమర్శలో మేలైనదంతా సొంత కవిత్వ సాధనలోంచి పుట్టుకొచ్చిందేనని, తనను ప్రభావితం చేసిన కవుల గురించి రాసినప్పుడే బాగా రాశానని 1956లో మినియాపొలిస్ ఉపన్యాసంలో చెప్పాడు.

1921లో ఇంగ్లిష్ కవి జాన్ డన్ తరహా కవుల మీద ఆయన రాసిన వ్యాసం చూడండి. నిజానికి అది ఒక సంకలనానికి సమీక్ష. ఆలోచనను కూడా అనుభూతిలా ఒంటికి తగిలేట్టు రాసిన కవులు వాళ్లనీ, ఆ తర్వాత ఇంగ్లిష్ కవిత్వంలో బుద్ధీ హృదయమూ వేరు పడ్డాయనీ వాదించాడు. తన దీర్ఘకవిత ‘ది వేస్ట్ లాండ్’ రాస్తున్న రోజులవి. తన కవిత్వానికి పూర్వీకుల్ని వెతుక్కుంటున్నాడన్నమాట. ఆ వాదన చరిత్రకు నిలుస్తుందా అన్నది పండితులు తేల్చుకోనీ, అంత ఆకలితో చదివే సమీక్షకులు నాకు అరుదుగా కనిపిస్తారు.

ఆ అభిరుచి వ్యాసాలతో ఆగలేదు. 1922లో ‘ది క్రైటీరియన్’ పత్రిక మొదలుపెట్టి, తొలి సంచికలోనే ‘ది వేస్ట్ లాండ్’ అచ్చువేశాడు. 1925లో బ్యాంకు ఉద్యోగం మానేసి, తర్వాత ఫేబర్ అండ్ ఫేబర్‌గా మారిన ప్రచురణ సంస్థలో చేరాడు. 1927లో ఆడెన్ కవితలను తిప్పిపంపినా, 1930లో అతని పుస్తకం తెచ్చింది ఆ సంస్థే. 1944లో ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’ దగ్గర మాత్రం, రచనను మెచ్చుకుంటూనే, రాజకీయ దృష్టి సరిగా లేదని కాదన్నాడు. అది మరుసటి ఏడు వేరేచోట అచ్చయింది.

వ్యాసాల సంగతి వేరు. కవి మిల్టన్ మీద 1936లో కఠినంగా రాసి, 1947లో చాలావరకు మెత్తబడ్డాడు. వ్యాసంలో పక్షపాతం ఉంటే పాఠకుడు వాదించగలడు, రాసినవాడు దిద్దుకోగలడు. అచ్చుకాని పుస్తకం గురించి వాదించేదెవరు? సంపాదకుడి కుర్చీలో కూర్చున్న కవికి అందుకే రెండింతల జాగ్రత్త కావాలి.

మన దగ్గర కవులు రాసే విమర్శ చాలావరకు ముందుమాటల్లోనే ఉంటోంది. అవార్డు కమిటీల్లో కూర్చునేదీ చాలాసార్లు వాళ్లే. కవులారా, ముందుమాట అడిగిన శిష్యులకు తప్పకుండా రాయండి. దాంతోపాటు ఏడాదికి ఒక్కసారైనా, మీ దారికి పూర్తిగా ఎదురు నడిచే కవి గురించి, ఎవరూ అడక్కుండానే ఒక వ్యాసం రాయండి.