మోచెయ్యి విరిగితే

ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతన్నకు కుడి మోచెయ్యి విరిగితే నాడె ఆగిపోతుంది. పెనుకొండ దగ్గర హైవే మీద బండి జారిపడే కుర్రాడికీ, హిందూపురం చింతపండు మార్కెట్లో నేల మీద చెయ్యి ఆనించి లేచే అవ్వకూ విరిగేది ఆ కీలే. ఎక్స్‌రేలు కూడా ఒకేలా ఉండొచ్చు. ఆపరేషన్ మాత్రం ఒకటే కానక్కర్లేదు.

ఈ కీలు మహా మొండిది. వారాల తరబడి కదలకుండా కట్టేస్తే బిగుసుకుపోతుంది. రోజువారీ పనులకు 30 నుంచి 130 డిగ్రీల దాకా వంగితే చాలని 1981లో అమెరికాలో మోరీ బృందం కొలిచి చెప్పింది. సర్జన్ల పాట్లన్నీ ఆ వంద డిగ్రీల కోసమే. అందుకే ఎముకను అతికించడం ఒక్కటే చాలదు, కొద్ది రోజుల్లోనే చెయ్యి ఆడించగలిగేంత గట్టిగా బిగించాలి.

మోచేతి కొన అడ్డంగా రెండు ముక్కలైతే రెండు సన్నటి కడ్డీలు దించి, ఎనిమిది అంకె ఆకారంలో వైరు చుట్టడం పాత పద్ధతి. చెయ్యి వంచినప్పుడు కండరం లాగే బలమే ముక్కల్ని దగ్గరికి నొక్కుతుంది. ఖర్చు తక్కువ, ఆలోచన గొప్పది. చిక్కల్లా, చర్మం కింద వైరు పొడుచుకోవడమే. 2017లో ఎడిన్‌బరో సర్జన్లు 75 ఏళ్ల లోపు వారిలో వైరునూ ప్లేటునూ పోల్చారు. ఏడాది తర్వాత చేతి పనితీరులో తేడా లేదు. వైరు వేసినవారిలో సగం మందికి మళ్లీ తీయాల్సి వచ్చింది, ప్లేటు వారిలో ఐదింట ఒకరికి. చీము పట్టింది మాత్రం ప్లేటు వారికే. ఎముక నుగ్గయితే వైరు నొక్కుడుకు ముక్కలు కుంగిపోతాయి, అక్కడ ప్లేటే దిక్కు. 75 దాటినవారిలో ఆపరేషన్ చేయడాన్నీ చేయకపోవడాన్నీ పోల్చిన మరో పరీక్షలో, ఆపరేషన్ చేసిన వర్గానికే ఇబ్బందులు ఎక్కువై 19 మందితోనే దాన్ని ఆపేశారు. అవ్వకు కొన విరిగితే స్లింగే చాలవచ్చు.

ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక తల మూడు ముక్కలకు మించితే స్క్రూలు సరిగా నిలవవు, లోహపు తల పెట్టడం మేలు.

అసలు కష్టం దండచెయ్యి ఎముక అడుగు భాగం కీలు దాకా చీలినప్పుడు. కుర్రాడికైతే రెండు ప్లేట్లు, పక్కనే పోయే నరాన్ని కాపాడుకుంటూ. ఎముక గుల్లబారిన పెద్దలకు కీలు మార్పిడి మంచి ఫలితమిస్తుందని 2009లో కెనడా పరీక్ష చూపింది. కానీ ఆ చేత్తో జీవితాంతం ఐదు కేజీలకు మించి ఎత్తొద్దంటారు. నిండు బిందె మోసే మన ఊళ్లలో ఇది చిన్న షరతేమీ కాదు.

మనవాళ్లకు పుత్తూరు కట్టు మీద నమ్మకం ఎక్కువ. మిగతా ఎముకల సంగతి ఎలా ఉన్నా, కీలు లోపల విరిగిన మోచేతికి బిగుతు కట్టూ నూనె మర్దనా వద్దు. మర్దనతో కండరంలో కొత్త ఎముక పుట్టి చెయ్యి శాశ్వతంగా పట్టేయొచ్చు.

ఆపరేషన్‌కు ముందు సర్జన్‌కు వయసు, షుగరుతో పాటు మీరు ఆ చేత్తో చేసే పని కూడా చెప్పండి. ఎన్నో రోజు నుంచి కదిలించవచ్చో, వైరు మళ్లీ తీయాల్సి వస్తే ఎంతవుతుందో ముందే అడగండి.