బండ రంగు

ఒకప్పుడు హైదరాబాదు శివారులోని కోహెడ బడిలో ఏ పిల్ల నోట్‌బుక్ తెరిచినా అదే బొమ్మ. రెండు త్రికోణాల కొండలు, నడుమ పొడుస్తున్న సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున కొబ్బరిచెట్టు. కిటికీలోంచి కనపడేవి మాత్రం గుండ్రటి బండలు, తాటిచెట్లు, దూరాన ఔటర్ రింగురోడ్డు మీద లారీలు.

బొమ్మలు నేర్పడానికి వెళ్లిన మొదటిరోజు నేనూ బోర్డు మీద ఆ కొండలే గీసి, చూసి వెయ్యమన్నాను. కాగితాలన్నీ ఒకేలా వచ్చాయి. గది చప్పుడు లేకుండా ఉంది. ఆ నిశ్శబ్దం తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాతి శనివారం పిల్లల్ని బండల దగ్గరికి తీసుకెళ్లి, వాటికి రంగు వెయ్యమన్నాను. చేతులన్నీ నల్లరంగు మీదికే పోయాయి. ఒక పిల్ల మాత్రం ఆగింది.

"పొద్దుగాల ఎర్రగుంటది సార్, వాన వడితే నల్లగైతది. ఏది వెయ్యాలె?"

ఇక లొల్లే లొల్లి! బండ మీద నీళ్లు పోసి చూశారు, గోటితో గీకారు, మెరిసే రవ్వలు ఒకరికొకరు చూపించుకున్నారు. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిదని అప్పుడు చెబితే, కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. ముందే చెప్పి ఉంటే అది పరీక్ష కోసం బట్టీపట్టే అంకె అయ్యేది.

ముగ్గూ అంతే. ఏడు చుక్కలు, సందుచుక్క, నాలుగు వచ్చేదాకా. మొత్తం చుక్కలెన్ని? వాకిట్లో రోజూ పెట్టే అమ్మాయిలు వేళ్లు మడిచి 37 అన్నారు. బతుకమ్మకు తెచ్చిన తంగేడు కొమ్మను గీస్తూ ఐదు రేకులు లెక్కపెట్టారు, ఆకులు జంటలు జంటలుగా ఉన్నాయని వాళ్లే కనిపెట్టారు.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వందమంది పిల్లలు దాటిన చోట, పార్ట్‌టైమ్ కళాబోధకుడు ఉండాలంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఆ ఏర్పాటు లేదు. చూపు కుదురుకునే వయసు అదే కదా! శాంతినికేతన్‌లో చదివి సేవాగ్రాంలో పిల్లలకు బొమ్మలు నేర్పిన దేవీప్రసాద్, చదువుకు కళే పునాది అని పుస్తకమే రాశారు. నాకు అది సిద్ధాంతంగా కాదు, ఆ పిల్ల ప్రశ్నలో అర్థమైంది.

ఆమె చివరికి కాగితాన్ని నడిమికి మడిచింది. ఒక పక్క ఎర్రబండ, ఇంకో పక్క నల్లబండ. మడత మీద, పైనుంచి కిందిదాకా, వాన.