అమ్జద్ రుబాయీలో మూడో పాదం

1908 సెప్టెంబరులో మూసీ వరద అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను పొట్టన పెట్టుకున్నది. ఆ దుర్ఘటనపై ఆయన 'ఖయామతె సుగ్రా' రచించారు. ఆయన వైరాగ్యాన్నే కొనియాడే విమర్శకులు ఒక సంగతి విస్మరిస్తారు: అంతటి గాయంతోనూ ఆయన లోకాన్ని విడువలేదు. సర్కారు లెక్కల కచేరీలో కొలువు చేశారు, మళ్లీ సంసారం నిలుపుకున్నారు, 1961లో మరణించేవరకు ఆ బ్రతుకులోనే ఉన్నారు.

రుబాయీలో ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస ఉంటుంది. మూడోది సాధారణంగా తప్పుతుంది. ఆ తప్పటం వల్లనే నాలుగో పాదం హృదయాన్ని తాకుతుంది. తెలుగు చేసేవారు నాలుగింటికీ ప్రాస కుదిర్చితే వినసొంపుగానే ఉంటుంది గాని, అమ్జద్ ఉండడు. మేడ్చల్ అంగడిలో త్రాసు పట్టిన, శామీర్‌పేట పొలంలో నాగలి పట్టిన ముస్లిముకు ఉర్దూ రాకపోవచ్చు. ఆ తప్పిన పాదం మాత్రం అతని ఇంట్లో రోజూ వినవచ్చేదే.